దొర కదలొద్దన్న గది

రాయదుర్గం నుంచి కణేకల్ పోయే దావలో, దిబ్బ మీద దొరల బంగళా ఒకటి ఉండాది. బళ్ళారికి పోయే తెల్లోళ్ళ దండు ఒకప్పుడు ఆడ దిగేదంట. పొద్దు గూకితే గొర్రెలోళ్ళు కూడా మందను ఆ పక్కకి తోలరు. "లోపల ఎవరో ఊపిరి బిగబట్టి నిలబడినట్టుంటాదప్పా" అంటారు.

ఇది జయరాం సంగతి. రాయదుర్గంలో పెళ్ళి ఫోటోలు తీసేవాడు, మా చిన్నాయనకి స్నేహితుడు. చిన్నాయన చెప్పిందే నేను చెప్తాండా.

రెండువేల రెండు కరువులో ఆ బంగళాను విష్ణువర్ధన్ అనే ఆసామి కొన్నాడు. గోడల మీది పాత దండు ఫోటోలకి కాపీలు తీసిమ్మని జయరాంని అడిగినాడు. "పెద్దవి చేయించి హాల్లో తగిలిస్తా. దర్జాగా ఉంటాది."

వానల్లేవు, పెళ్ళిళ్ళూ లేవు. జయరాం ఒప్పుకున్నాడు. పగలైతే అద్దాల మీద వెలుతురు కొడతాదని పొద్దు గూకేదాకా ఆగినాడు. కాపలా ఓబుళేసు తలుపు తీసి, గడప దాటకుండా బయటే కూచున్నాడు.

అవి యుద్ధం ఫోటోలు కావు. దొర బూట్లు విప్పించుకునేది, దొర అన్నం తినేది, దొర గడ్డం గీయించుకునేది. ప్రతిదాంట్లో కుర్చీలో దొరొక్కడే. చుట్టూ మనోళ్ళు, ఏదో ఒకటి పట్టుకోని నిలబడి...

గడ్డం ఫోటోలో నీళ్ళపళ్ళెం పట్టుకున్న మనిషి చేతులు మాత్రం చెదిరిపోయి పడినాయి. ఆ కాలంలో ఫోటో పడాలంటే చానాసేపు బిగుసుకోని నిలబడాల. పాపం, వణికినట్టుండాయి... అనుకుంటా జయరాం కెమెరా ఎత్తినాడు.

కరెంటు పోయింది.

చీకట్లో, చెవి పక్కనే —

"అప్పా... రవ్వంతసేపు పట్టుకో. చేతులు పడిపోతాండాయి."

జయరాంది జాలిగుండె. తెలీకుండానే కెమెరా వదిలి చేతులు చాపినాడు. చల్లగా, బరువుగా ఏదో వచ్చి పడింది. నీళ్ళు తొణికినాయి.

ఎదురుగా కుర్చీ కిర్రుమనింది. ఆమీట ఒకటే అరుపు. ఏ భాషో తెలీదు గానీ, అర్థం తెలిసిపోయింది —

కదలొద్దు!

అరుద్దామంటే నాలుక లేవలేదు. కాలు రాలేదు. రెప్ప కూడా పడలేదు...

తెల్లారి పెండ్లాం హేమలత వెతుక్కుంటా వచ్చింది.

"రాత్రే పోయినాడు గదమ్మా! నేనే తాళం వేసినా" అన్నాడు ఓబుళేసు.

తాళం తీస్తే... గది నడిమధ్య జయరాం. ఉత్త చేతులు ముందుకు చాపుకోని, కన్నీళ్ళు కారతా.

ఎంత గుంజినా చేతులు దిగలేదు. మాట మూడోనాటికి వచ్చింది. చేతులు మాత్రం అనంతపురం డాక్టర్లు చూసినా, ఆముదం కాచి రుద్దినా దిగలేదు. ఈ పొద్దుకీ హేమలతే ముద్ద కలిపి పెడతాంది.

జయరాం దొరికిన ఆ పొద్దు, గడపలోనే ఆమె అడిగింది: "ఓబుళేసన్నా... మరి రాత్రి పోయిందెవరు?"

ఓబుళేసు తన ఉత్త చెంబు దిక్కు చూసినాడు.

"చీకట్లో మొకం కనపళ్ళేదమ్మా. మోచేతులు రుద్దుకుంటా వచ్చినాడు. నా చెంబు తీసుకోని గటగటా తాగినాడు. యాడికన్నా అంటే... 'ఇంటికి పోతాండా. మావాళ్ళు ఇంకా ఉంటారా?' అని అడిగినాడు."