పచ్చలైటు వెలగకూడదు

"ఒక మనిషి ప్రాణం బ్యాటరీ మీద ఆధారపడి ఉంది, సువర్ణం," అన్నాడు చీఫ్ లక్ష్మీనరసింహారావు.

హైదరాబాదు, స్పెషల్ బ్యూరో ఆఫీసు. 1988 మే నెల. ఎదుటి కుర్చీలో ఏజెంట్ సువర్ణరాజు.

"ప్రొఫెసర్ వెంకటాచలపతి పేరు విన్నావుగా. శత్రు సబ్‌మెరైన్ల చప్పుడు పట్టే ప్రోగ్రామ్ రాస్తున్నాడు. అది పూర్తికాకముందే ఆయన్ని లేపెయ్యాలని ఒక విదేశీ ముఠా తిరుగుతోంది. ఢిల్లీవాళ్లు ఆయన్ని నూజివీడు మామిడితోటల్లో దాచారు. ఏ తోటో నాక్కూడా చెప్పలేదు."

"మిషన్ ఏంటి సార్?"

"ఆయన ల్యాప్‌టాప్ కంప్యూటర్‌కి ఛార్జింగ్ ఎక్కడం లేదు. అక్కడ పూటకోసారి కరెంటు పోతుంది. బ్యాటరీ లేకపోతే పని నడవదు. బోర్డు విప్పి బాగుచెయ్యగలవాడు మన బ్యూరోలో నువ్వొక్కడివే. ఇంకోమాట. ఆయనకి కాపలాగా అహల్య అనే ఏజెంట్ ఉంది. డబుల్ ఏజెంట్ అని నా అనుమానం. ఏం చెప్పినా నమ్మకు."

చీఫ్ ఒక ఫౌంటెన్ పెన్ను చేతికిచ్చాడు. క్యాప్ తీస్తే అది పెన్ను కాదు, లైటర్ గ్యాస్‌తో వేడెక్కే సోల్డరింగ్ ఐరన్.

సువర్ణరాజు చేతికి టంకం పని నేర్పింది ఈ చీఫే. తండ్రి పోయినప్పుడు ఒక పక్క పాడె పట్టిందీ ఈయనే. లోకంలో సువర్ణరాజు అనుమానించకుండా నమ్మే మనిషి ఈయన ఒక్కడే. గూఢచారికి ఉండకూడని జబ్బు అది.

* * *

మామిడికాయల దళారీ వేషంలో, భుజాన తువ్వాలుతో నూజివీడు బస్టాండులో దిగాడు సువర్ణరాజు. క్రీమ్ కలర్ ఫియట్ వచ్చి ఆగింది. నీలం షిఫాన్ చీర, నల్ల గాగుల్స్. బస్టాండు మొత్తం ఆమె వైపు తిరిగింది.

"చిన్న రసాలు దిగాయాండీ?" అడిగింది ఆమె.

"దిగాయండి. కానీ పీచు ఎక్కువ."

కోడ్‌వర్డ్ కుదిరింది. దీన్ని కనిపెట్టినవాడు ఢిల్లీవాడని చెప్పక్కర్లేదు. రసాలకి పీచు ఉండటం కూడా ఒక రహస్యమేనా!

అహల్య కారుని తిన్నగా పోనివ్వలేదు. తోటలోంచి తోటలోకి తిప్పింది. ఎటు చూసినా ఒకటే తీరు. కాయల బరువుకి వంగిన కొమ్మలు, వాటికింద ఊతకర్రలు. అరగంటకి సువర్ణరాజుకి తూర్పేదో పడమరేదో తెలియకుండా పోయింది. చీఫ్‌కే తెలియని చోటు ఇదా అని మనసులోనే మెచ్చుకున్నాడు.

తోట మధ్య పెంకుటింట్లో, బనీనుతో ఎదురొచ్చాడు ప్రొఫెసర్.

"వచ్చావా నాయనా! లక్ష్మీనరసింహం పంపాడంటే ఇక దిగుల్లేదు. వాడూ నేనూ ఏలూరు స్కూల్లో ఒకే బెంచీ. కాస్త నడుం వాలుస్తా, ఈలోగా దీని సంగతి చూడు," అని లోపలి గదిలోకి వెళ్లి తలుపు చేరేసుకున్నాడు.

కరెంటు లేదు. కిటికీ దగ్గర బల్ల వేసుకుని మెషీన్ విప్పాడు సువర్ణరాజు. బోర్డు బయటికి తీసి మల్టీమీటర్ పట్టాడు. సాకెట్టు బాగానే ఉంది. ఫ్యూజు బాగుంది. ఛార్జింగ్ నడిపే ట్రాన్సిస్టర్ కూడా బాగానే ఉంది. అక్కణ్ణుంచి బ్యాటరీ దాకా పోయే రాగి గీత దగ్గర మీటర్ మూగబోయింది. భూతద్దం పెట్టి చూశాడు. వెంట్రుకంత సన్నని గాటు. దానంతటది తెగలేదు. ఎవరో బ్లేడుతో కోశారు.

తల ఎత్తాడు. అహల్య గుమ్మంలో నిలబడి ఉంది.

"ఇది మీ పనేగా?"

"అవునండి," అంది, ఏమాత్రం తడబడకుండా. "మెషీన్ వచ్చిన పూటే కోసేశాను. ఛార్జర్ పెట్టగానే పక్కనున్న రేడియో టిక్కుటిక్కుమంది. లోపల ఇంకేదో ఉందండి. దయచేసి దాన్ని అతకకండి."

"చీఫ్‌కి ఎందుకు రిపోర్ట్ చెయ్యలేదు?"

"ఇక్కడికి రాకముందు వారం రోజులు ఈ మెషీన్ ఉన్నది ఆయన టేబుల్ మీదే కాబట్టి."

సువర్ణరాజుకి ఒళ్లు మండిపోయింది. "మా చీఫ్‌నే అంటావా?" మరుక్షణం అహల్య చేతులు నైలాన్ తాడుతో కుర్చీకి బిగుసుకున్నాయి. ఆమె పెనుగులాడలేదు. అతని వంక జాలిగా చూసింది. ఆ చూపు అతనికి అసలు నచ్చలేదు.

పెన్ను క్యాప్ తీశాడు. గాటుకి అటూ ఇటూ బోర్డు మీది పచ్చపూత గోకి, సన్నని రాగితీగ పరిచి, రెండు చుక్కల టంకంతో అతికాడు. బ్యాటరీ తగిలించి ఛార్జర్ పెట్టాడు.

సరిగ్గా అప్పుడే కరెంటు వచ్చింది. ఫ్యాను తిరిగింది. మెషీన్ మీద పచ్చలైటు వెలిగింది. ఆ వెలుగు చూసి గర్వంగా నవ్వుకున్నాడు.

అలమరలో రేడియో టిక్కుటిక్కుమంది.

"వినిపించిందాండీ?" అంది అహల్య.

సువర్ణరాజు అలవాటుగా కరెంటు కొలిచాడు. ఛార్జర్ ఇస్తున్నది ఒక ఆంపియర్. బ్యాటరీకి చేరుతున్నది అందులో ముప్పావు. మెషీన్ ఆపే ఉంది. మరి మిగతాది ఎవరు తింటున్నారు? బోర్డు మీద వేలితో తడిమాడు. కీబోర్డు కింద రేకుమూత వెచ్చగా తగిలింది. మూత ఎత్తాడు.

అగ్గిపెట్టె అంత ట్రాన్స్‌మిటర్. ఛార్జర్ పెడితేనే మేలుకుని, ఉన్నచోటు తెలిసేలా గాల్లోకి సిగ్నల్ వదిలే రకం.

దాన్ని చూసి సువర్ణరాజు భయపడలేదు. దాన్ని అతికిన తీరు చూసి భూతద్దం మళ్లీ అందుకున్నాడు. ప్రతి తీగ చివరా చిన్న ఉంగరంలా చుట్టి, ఆ ఉంగరం నిండా టంకం పోసి ఉంది. అలా అతికేవాళ్లు బ్యూరోలో ఇద్దరే. నేర్పిన చీఫ్, నేర్చుకున్న తను.

ఇన్నేళ్లు తండ్రిలా చూసుకున్న మనిషి తన నమ్మకాన్నే పనిముట్టుగా వాడుకున్నాడు. ప్రొఫెసర్ని చంపడానికి కావలసిన చివరి టంకం చుక్క తన చేత్తోనే వేయించాడు.

దూరంగా జీపు చప్పుడు.

ఒక్క ఉదుటున అహల్య కట్లు కోసేశాడు. "క్షమించండి."

"అది తరవాత. ప్లగ్ పీకెయ్యండి!"

"పీకేస్తే తోటంతా వెతుకుతారు. తుపాకులుంటాయి. పెద్దాయన పరిగెత్తలేరు. సిగ్నల్ ఉండాలి. కానీ ఇక్కడ కాదు. ఈ తోటలో గట్టి తలుపున్న గది ఏదైనా ఉందా?"

"కాయలు మాగేసే గది ఉంది."

ట్రాన్స్‌మిటర్ ఊడదీసి నేరుగా బ్యాటరీకే అతికాడు. టిక్కుటిక్కు మళ్లీ మొదలైంది. అహల్య పోలీసుల కోసం వెనకదారిన ఫియట్ తీసింది. సువర్ణరాజు మాగేసే గదికి పరిగెత్తాడు. గది నిండా గడ్డిలో పరిచిన కాయలు, మధ్యమధ్య కార్బైడ్ పొట్లాలు. ముక్కు బద్దలయ్యే వాసన. బ్యాటరీని గడ్డిలో దూర్చి, తోట కాపలాదారు బుచ్చయ్యని తీసుకుని గోడ వెనక నక్కాడు.

జీపు ఆగింది. పళ్ల ఎగుమతి వ్యాపారుల వేషంలో ఇద్దరు విదేశీయులు దిగారు. ఒకడి చేతిలో గొట్టాల ఏంటెనా, ఇంకొకడి చేతిలో పిస్టల్. వాళ్ల వెనక, తెల్ల లాల్చీలో, చీఫ్.

తన అనుమానం తప్పు కావాలని చివరిదాకా ఆశపడ్డాడు సువర్ణరాజు.

ఏంటెనా మాగేసే గది వైపు తిరిగింది. చీఫ్ తలుపు తట్టాడు. "చలపతీ! నేనేరా, లక్ష్మీనరసింహాన్ని. తలుపు తియ్యి."

ఎంత ప్రేమగా పిలిచాడో! జవాబు లేకపోయేసరికి తలుపు తోసి లోపలికి నడిచాడు. ఏంటెనావాడు వెంట వెళ్లాడు. పిస్టల్‌వాడు మాత్రం గుమ్మంలోనే ఆగి వెనక్కి తిరిగాడు. తలుపు మూయడానికి గోడ వెనకనుంచి బయటికొచ్చిన సువర్ణరాజుకి పిస్టల్ గురిపెట్టాడు. వేలు ట్రిగ్గర్ మీదికి పోయింది.

పక్కనుంచి బుచ్చయ్య కాయలు కోసే గెడ విసురుగా దించాడు. గెడ చివరి వలసంచి వాడి తలకి మెడదాకా దిగింది. సువర్ణరాజు ఒక్క తన్ను తన్నాడు. వాడు గడ్డిలో పడ్డాడు. తలుపు మూసుకుంది. బయట గడియ పడింది.

"ఎవరూ కాల్చకండి!" అరిచాడు సువర్ణరాజు. "లోపలున్నది కార్బైడ్ గ్యాస్. ఒక్క నిప్పురవ్వ పడితే ముగ్గురూ మిగలరు."

"ఊపిరాడదని భయపడకండి బాబూ," గొణిగాడు బుచ్చయ్య. "పైన కంత ఉందిలెండి, చావరు. తలనొప్పి మాత్రం జన్మకి సరిపడా."

"సువర్ణం... నువ్వా?" చీఫ్ గొంతు. "తలుపు తియ్యరా. మీ నాన్న పాడె మోసినవాణ్ణిరా."

సువర్ణరాజు నుదురు తలుపుకి ఆనించాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకోలేదు. "ఆ మాట అనకుండా ఉండాల్సింది సార్. అదొక్కటైనా నాకు మిగిలేది."

దూరంగా పోలీసు వ్యాను హారన్ వినిపించింది. ఈ గోలకి నిద్ర చెడి, తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ వచ్చాడు ప్రొఫెసర్.

"మన లక్ష్మీనరసింహం గొంతు కదూ అది! ఎప్పుడొచ్చాడు? భోజనానికి ఉంటాడా?"

సువర్ణరాజు గడియ ఇంకోసారి నొక్కి చూశాడు.

"ఉండరండి. ఇకమీదట ఆయనకి భోజనం గవర్నమెంటే పెడుతుంది."