పక్షుల ఆఫీసులో సుందరమ్మ గొంతు

కొల్లేటి గట్టు మీద మూతపడ్డ పక్షుల ఆఫీసంటే ఆ చుట్టుపక్కల మగవాళ్లందరికీ హడలు. చీకటి పడితే అటు పోరు. ఆఫీసరు గారు కుర్చీలోనే పోయారట... ఆయన కంప్యూటరు ముట్టుకుంటే ఊరుకోరట! బతికుండగా ఆయన మాట ఒక్కడూ విన్న పాపాన పోలేదు. పోయాక మాత్రం ఎక్కడలేని భక్తి.

పెర్సిస్ నాకు చెప్పిందే చెబుతున్నాను. ఏలూరు కాలేజీలో ఇద్దరం ఒకే కంప్యూటర్ ల్యాబులో పనిచేస్తాం. వాళ్లమ్మ సుందరమ్మ పడవ పాటలు పాడేది. పిట్టల కూతలతో పాటు ఆ పాటలూ రికార్డు చేసి, ఆఫీసరు గారు తన పాత యునిక్స్ కంప్యూటరు మిషన్లో దాచారు. సుందరమ్మ పోయింది. ఆమె గొంతు ఇంకెక్కడా లేదు. అడ్మిన్ పాస్‌వర్డేమో ఆఫీసరు గారితోనే పోయింది.

ఇంతలో చేపల చెరువుల హేమంత్‌కుమార్ ఆ బిల్డింగు కొన్నాడు. తెల్లారితే కూలగొట్టిస్తాడు, మిషను పాత ఇనుములోకి పోతుంది.

"దెయ్యాలా... నా ముందా? నేను తీసుకెళ్తా పదండి మేడం," అన్నాడట పెర్సిస్ వెళ్లి అడిగితే. మెడలో రెండు తాయెత్తులు — ధైర్యవంతుడు మరి!

వెళ్లేసరికి చీకటి పడింది. వాన మొదలైంది. అదృష్టం, కరెంటు ఇంకా ఉంది. ఆన్ చేయగానే మిషను పాస్‌వర్డ్ అడిగింది. ఈయన పెద్ద తెలిసినట్టు ఏదో కొట్టాడు... తప్పు. మళ్లీ కొట్టాడు...

లోపల్నుంచి సన్నగా మూలుగు!

ఒక్క గెంతులో వరండా దాటి వానలో పడ్డాడు.

"ఏవండీ... ఆయనేనండీ..." అన్నాడు అక్కణ్నుంచే.

"డిస్కండీ. పాతబడింది, పోయేలా ఉంది," అంది పెర్సిస్.

పవర్ తీసేసి, డిస్కు ఊడదీసి, తన లినక్స్ ల్యాప్‌టాప్‌కి తగిలించింది. పాస్‌వర్డ్ కాపలా ఆ మిషనుకే గానీ డిస్కుకి కాదు. ఫైళ్లు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. చివరిది కాపీ అవగానే డిస్కు కీచుమని ఆగిపోయింది... ఇక తిరగలేదు.

ఒక ఫైలు నొక్కింది. గూడబాతుల అరుపులు. ఇంకోటి నొక్కింది.

అమ్మ! పడవ పాట...

పెర్సిస్ నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

పాట మధ్యలో ఆగింది.

"ఉండండి సారూ..." అంది సుందరమ్మ. "వాకిట్లో ఎవరో మగాయన వానలో తడిసిపోతున్నాడు. పాపం, భయపడ్డట్టున్నాడు... లోపలికి రమ్మనండీ."

పెర్సిస్ గిర్రున తిరిగి చూసింది.

వాకిట్లో హేమంత్‌కుమార్ చెప్పులు మాత్రమే ఉన్నాయి.

ఆ బిల్డింగుని ఆయన ఇంతవరకూ కూల్చలేదు.