ఎవరికీ నొప్పి లేదట

శనివారం పొద్దున్నే చిత్తూరు సంతపేటలోని ఆనందమ్మ ఇంటి వసారా పుల్లటి వాసనతో నిండిపోయింది. చింతకాయలు కొట్టి గింజ తీసే ఆడవాళ్లు చాపలు పరుచుకుని కూర్చున్నారు. ఆనందమ్మ కాటా పక్కన నిలబడి ఒక్కొక్కరికీ తూచి పోస్తోంది. భర్త బాలచంద్రకు శ్రీ సిటీలో ఫ్యాక్టరీ ఉద్యోగం, వారానికొకసారి వచ్చిపోతాడు. ఈ వ్యాపారం, ఈ ఇల్లు, ఇంట్లోని మనుషులు అన్నీ ఆమె లెక్కలోనివే. ఆ లెక్కలో తాను ఎవరికీ తక్కువ చేయలేదని ఆమె నమ్మకం. ఒంట్లో ఓపిక తరిగిపోతున్నా ఆ నమ్మకమే పొద్దున్నే లేపి నిలబెడుతోంది.

కూతురు అమల తిరుపతిలో డిగ్రీ చదువుతోంది. సోమవారం కాలేజీలో ప్రదర్శన ఉంది. సైన్సు పిల్లలు, తెలుగు పిల్లలు, కామర్సు పిల్లలు అందరూ ఒకే హాల్లో తాము చేసిన పరిశోధనలు పోస్టర్లుగా గోడకు అంటించి ఒకరికొకరు చూపించుకుంటారు. వేరువేరు శాఖలవాళ్లు కలిసి చేయాలని నిబంధన. జంతుశాస్త్రం చదివే అమల, సోషల్ వర్క్ చదివే జోయల్‌తో జట్టు కట్టింది. చింతపండు కొట్టే ఆడవాళ్ల చేతులే వాళ్ల విషయం. పోయిన నెల అమల ఈ వసారాలోనే అందరినీ కూర్చోబెట్టి, వేళ్లు నొప్పా, మణికట్టు పట్టేస్తుందా అని అడిగి రాసుకుంది. అందరూ లేదన్నారు. ఆ మాట ఆనందమ్మ మార్కెట్లో నలుగురికీ చెప్పుకుంది. సోమవారం కట్టుకోవడానికి పట్టుచీర కూడా తీసి పెట్టుకుంది.

అందుకే సెలవుకు ఇంటికొచ్చిన అమల ఇడ్లీ ముట్టకుండా ఫోన్ చూస్తూ కూర్చోవడం ఆమెకు వింతగా తోచింది.

"ఏందే, చల్లారిపోతాండాయి, తిను."

"అమా, మేము రాసింది తప్పు."

"ఏం తప్పు?"

"జోయల్ వాళ్ల చర్చికి పోయేవాళ్లలో మన దగ్గర పనిచేసేవాళ్లు కొంతమంది ఉండారు. ప్రార్థన అయినాక ఆడ అడిగినాడంట. వేళ్లు ముడవను రాదన్నారు. తడిగుడ్డ పిండలేక మొగుళ్ల చేత పిండిస్తాండారంట. ఈడ లేదన్నోళ్లే, ఆడ ఉండాదన్నారు."

ఆనందమ్మ వసారా వైపు చూసి గొంతు తగ్గించింది. "అంటే నా ఇంట్లో కూర్చోని నీకు అబద్ధం చెప్పినారా?"

"వాళ్లది కాదుమా, తప్పు నాది. నువ్వు కాటా కాడ నిలబడుకోనుండంగా, నీ కూతురు పోయి అడిగితే ఎవురు చెప్తారు? ఆమాత్రం నాకు తట్టలేదు."

"నేనేమన్నా పులినా?"

"పులివి కాదు. పని ఇచ్చేదానివి."

ఆ మాట ఆనందమ్మకు దెబ్బలా తగిలింది. ప్రతి పండక్కీ పెట్టిన చీరలు, కాన్పులకు పంపిన నెయ్యి, జ్వరమొస్తే ఆటో ఎక్కించి పంపిన రోజులు, తన వైపు రాసుకున్నవన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

"పో. మా అమ్మ దయలేని మనిషని గోడకు అంటించుకో. కాలేజీకి నేను రాను."

"నీ పేరు యాడా ఉండదుమా."

"పేరు లేకుంటే? మన ఊర్నించి వచ్చేవాళ్లు గుర్తుపట్టరా? సరే, కూలోళ్ల సంగతి వదిలెయ్. మీ అత్త కూలిది కాదు గదా. ఆమె కూడా లేదనే గదా చెప్పింది. ఆమెకేం భయం?"

ఆ అత్త తాయమ్మ, బాలచంద్రకు అక్క. భర్త పోయాక తమ్ముడింటికే వచ్చేసింది. ఎవరూ అడగకపోయినా ఆడవాళ్లతో పాటు చాప మీద కూర్చుని కాయలు కొడుతుంది. ఆనందమ్మ గడపలోంచే పిలిచింది.

"వదినా, ఉన్నదున్నట్టు చెప్పు. చేతులు నొప్పా నీకు?"

తాయమ్మ తలెత్తింది. ఆ మూల నుంచి ఈ మూలకు సుత్తుల చప్పుడు ఆగిపోయింది. "ఏం లేదు ఆనందా. నాకేం నొప్పి? బాగానే ఉండాను" అంది. అంటూనే రెండు చేతులూ కొంగు కిందికి పోనిచ్చింది. చూపు మూటల మీద ఉంది, ఆనందమ్మ మీద లేదు.

తడిసిన చింతపండు మూటకు అడ్డంగా నిలబడి, ఎండిన సరుకేనమ్మా అని అమ్మజూపేవాళ్లను ఆనందమ్మ ఎంతోమందిని చూసింది. వాళ్ల మాట ఎప్పుడూ వినేది కాదు, వాళ్లు నిలబడే తీరు చూసేది. ఇప్పుడు వదినను కూడా అట్లాగే చూసింది. వదిన కూడా ఏదో దాస్తోంది.

ఆ పొద్దు ఒకామె పనికి రాలేదు. ఆమె చాప ఖాళీగా ఉంది. ఆనందమ్మ ఎవరికీ ఏమీ చెప్పకుండా పోయి తాయమ్మ పక్కన దాని మీద కూర్చుని సుత్తి తీసుకుంది.

"నీకెందుకమ్మా ఇది?" అంది ఎదురుగా ఉన్నామె.

"ఊరికే. కాలక్షేపం."

పెళ్లయిన కొత్తలో కొట్టింది గాని, కాటా కాడికి పోయాక ఆ పని మరిచిపోయింది. కాయ పగలగొట్టి, ఈనె లాగి, గింజ ఊడదీయాలి. మొదట్లో బాగానే ఉంది. ఎండ వసారా మెట్లు దాటి లోపలికొచ్చేసరికి బొటనవేలి మొదట్లో మంట మొదలైంది. ఆడవాళ్లు కాసేపు బిగుసుకుని, తర్వాత ఆమె ఉన్న సంగతి మరిచి ఎవరి కోడలి మాట వాళ్లు చెప్పుకోసాగారు.

సాయంత్రం అమల కాఫీ తెచ్చింది. ఆనందమ్మ లోటా అందుకోబోయింది. వేళ్లు ముడుచుకోలేదు. లోటా జారిపోతుంటే తాయమ్మ కింద చెయ్యి పెట్టి పట్టుకుంది.

"రెండు చేతుల్తో పట్టుకో ఆనందా, ఒంటిచేత్తో నిలవదు. వేడినీళ్లలో ఉప్పేసి కాసేపు పెట్టుకో. లేకుంటే రేపు జడ అల్లుకోలేవు. నేను అందుకే గదా కొప్పు చుట్టుకొనేది."

వయసు మీద పడి కొప్పుకు మారిందని ఆనందమ్మ ఇన్నాళ్లూ అనుకుంది.

"పొద్దున అడిగితే ఎందుకు చెప్పలేదు వదినా?"

తాయమ్మ ఒళ్లోని తొక్కలు దులుపుకుంది. "చెప్తే నువ్వు మంచిదానివి, పని మానిపిస్తావు. ఊరికే కూర్చోని తినేదానికి నాకు ఈ ఇంట్లో ఏం హక్కుండాది?"

 ఆడబిడ్డకు నీడనిచ్చానని ఆనందమ్మ తన వైపు ఒక పెద్ద జమ వేసుకుని బతికింది. తిన్న ప్రతి ముద్దకూ వదిన తన వేళ్లతో చెల్లు వేస్తోందని తెలియనే తెలియలేదు. కళ్లు తుడుచుకుందామంటే చేతుల నిండా పులుపు. మోచేత్తో తుడుచుకుంది.

ఆడవాళ్లు వెళ్లిపోయాక కూతుర్ని పిలిచింది.

"ఈడ అడిగితే లేదన్నారు, ఆడ అడిగితే ఉండాదన్నారు. రెండూ రాయి. ఎందుకట్ల చెప్పినారో కూడా రాయి."

"నీకు బాధ లేదా మా?"

"ఉండాది. అయినా రాయి." కాస్త ఆగి, "వాళ్లకేం చేయొచ్చో మీ చదువులోళ్లు ఎవురన్నా చెప్తారేమో అడుగు. సుత్తి మార్చాల్నా, మధ్యలో ఆపి కూర్చోబెట్టాల్నా, నాకైతే తెలీదు. సోమవారం వచ్చి నేనూ వింటాను" అంది.

అమల తల్లి పక్కన కూర్చుని ఆమె చెయ్యి ఒళ్లోకి తీసుకుని మెల్లగా నొక్కసాగింది.

"వదినా" అంది ఆనందమ్మ. "రేపట్నించి కాటా కాడ నువ్వు కూర్చో. నాకు నిలబడే ఓపిక లేదు. తూకం దగ్గర పరాయివాళ్లను పెట్టలేను."

తాయమ్మ కాటా వైపు చూసింది. "తప్పు తూస్తే తిట్టగూడదు" అంది.

"తిడతాను. నువ్వు ఎదురు తిట్టు. సోమవారం మాతో పాటు తిరుపతికి రా, అమల చెప్పేది విందువు."

"నేను రాను."

"ఎందుకు రావు?"

"అంతమందిలో నా చేతులెవురన్నా చూపించమంటారు. నాకిష్టం లేదు. మీరు పోయి రాండి."

ఆనందమ్మ బలవంతపెట్టలేదు. ఈ ఇంటికొచ్చాక వదిన తన ముఖం చూసి కాదనడం అదే మొదటిసారి. అలసిపోయిన కళ్లలో మళ్లీ నీళ్లు తిరిగాయి. ఈసారి తుడుచుకోలేదు.