చివరి సీటు దగ్గర బటన్

పొద్దున ఐదున్నరకి డ్రైవరు స్టవ్ మీద పాలు పెట్టి, గదిలోకి వెళ్ళి భార్యని లేపాడు. ముందు మొహం కడగాలి, తరవాత జుట్టు దువ్వాలి, తరవాత బట్టలు. వరస తప్పితే ఆమె మళ్ళీ మొదటికొస్తుంది. ఆయన కింద కూర్చుని ఆమె చెప్పుల పట్టీ బిగిస్తుంటే, తను వంగి, ఆయన యూనిఫాం భుజం మీది కుట్టుని వేలితో తడిమి చూసింది.

"ఇదెవరు కుట్టారు?"

"కంపెనీ వాళ్ళు."

"చేతకాని పని," అంది.

ఆమె మర్చిపోనిది కుట్టు ఒక్కటే. ఊరి చివర ఉన్న వినోదాల పార్కులో పద్దెనిమిదేళ్ళు బొమ్మ వేషాలు కుట్టింది. ఎలుగుబంటి తలలు, కుందేలు చెవులు, చేతులకి తొడుక్కునే పంజాలు. మూడేళ్ళ కిందట ఒకరోజు ఒకే తలకి మూడు చెవులు కుట్టి పంపింది. కుట్టుపని గదిలో అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది. ఆ మరుసటి నెల ఇంటిదారి తప్పింది.

ఆయన అదే పార్కులో ఉచిత బస్సు నడుపుతాడు. కార్లు పెట్టే మైదానం, మూడు హోటళ్ళు, నీళ్ళ పార్కు, పెద్ద గేటు. ఈ ఆరు చోట్లా ఆగి చుట్టూ తిరిగి రావడానికి ముప్పై ఐదు నిమిషాలు. టికెట్టు లేదు, కండక్టరు లేడు. ఎక్కినవాళ్ళని ఎక్కడికని ఎవరూ అడగరు. ఎనిమిది నెలలుగా ఆయన సంసారం ఆ అడగకపోవడం మీదే నడుస్తోంది. అప్పటిదాకా పగలు భార్యని కనిపెట్టుకుని ఉన్న పక్కింటి పిన్ని ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయింది. రెండు రోజులు తాళం వేసి డ్యూటీకి వెళ్ళాడు. రెండో రోజు తిరిగొచ్చేసరికి స్టవ్ మీద ఖాళీ గిన్నె నల్లగా మాడి ఉంది. మూడో రోజు నుంచి ఆమెని వెంటబెట్టుకెళ్ళి, తన సీటు వెనక కిటికీ పక్కన కూర్చోబెట్టాడు. చెప్పింది ఒకటే మాట. నేను చెప్పేదాకా దిగకూడదు.

బస్సు ఆగినచోటల్లా ఆమె ముందుకి వంగి అడిగేది.

"ఏమండీ, దిగాలా?"

"ఇంకా కాదు."

రోజుకి డెబ్బై సార్లు. మొదట్లో ఆయన వెనక్కి తిరిగి చెప్పేవాడు. తరవాత అద్దంలో చూసి చెప్పేవాడు. ఈమధ్య రోడ్డు మీది చూపు తియ్యకుండానే ఆయన నోరు దానంతటది జవాబు చెప్పేది.

తోటి డ్రైవర్లు ఆమెకి కండక్టరమ్మ అని పేరు పెట్టారు. ఉచిత బస్సుకి కండక్టరేమిటి పెద్దాయనా, చిల్లర ఎక్కడ దాస్తున్నారు అని వేళాకోళం చేసేవాళ్ళు. డిపోలో బస్సులు కడిగే ఆవిడ రోజూ ఆమెకి టీ తెచ్చి ఇచ్చేది. సంగతి అందరికీ తెలుసు, కూతురికి తప్ప.

కూతురు పనిచేసేది కూడా అక్కడే, కంట్రోల్ గదిలో. బస్సులన్నీ ఆమె తెర మీద చుక్కలుగా కదులుతాయి. ఏ బస్సు ఎక్కడ ఆగాలో, ఎప్పుడు మారాలో రేడియోలో చెప్పేది ఆమే. డ్యూటీలో ఆమెకి తండ్రి లేడు, ఏడో నంబరు బస్సు ఉంది. అది ఆ తండ్రీకూతుళ్ళు పెట్టుకున్న కట్టుబాటు. ఆదివారం వచ్చినప్పుడు మాత్రం నాన్నా అనేది, తల్లి గోళ్ళు తీసేది. పోయిన ఆదివారం ఒక కాగితం తెచ్చింది. మతిమరుపు జబ్బు ఉన్నవాళ్ళని చూసుకునే ఆశ్రమంలో చేర్చే దరఖాస్తు. అమ్మకి ఇప్పుడు పక్కింటి మనుషులు సరిపోరు నాన్నా, సంతకం పెట్టు అంది. చూద్దాంలే అని ఆయన దాన్ని బీరువాలో పెట్టాడు. రిటైర్మెంటుకి ఇంకా నలభై ఒక్క రోజులుంది. ఆ తరవాత ఇరవై నాలుగ్గంటలూ తనే చూసుకుంటాడు. నలభై ఒక్క రోజులు బస్సు తిరిగితే చాలు, ఆమె ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు.

ఆ రోజు మధ్యాహ్నం ఏడో నంబరు బస్సులో ఏసీ ఆగిపోయింది. మైదానం దగ్గర జనం ఎండలో నిలబడి ఉన్నారు. రేడియోలో కూతురి గొంతు వచ్చింది.

"ఏడో నంబరు, పెద్ద గేటు దగ్గర అందర్నీ దింపి బండి డిపోలో పెట్టండి. పదకొండు తీసుకోండి. తొందరగా."

దారిలో ఇంకో రెండు సార్లు తొందరగా అంది.

బస్సు అప్పగించే ముందు డ్రైవరు చివరి సీటు దాకా నడిచి వెళ్ళి, అక్కడ గోడకున్న బటన్ నొక్కాలి. నొక్కకుండా తలుపు వేస్తే హారన్ మోగుతుంది. నిద్రపోయిన పిల్లలెవరైనా సీట్లలో ఉండిపోతారని పెట్టిన ఏర్పాటు. ఆయన ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి కూడా హారన్ మోగనివ్వలేదు. ఆ రోజూ సీట్ల మధ్య నడిచాడు, అటూ ఇటూ చూశాడు. నాలుగో వరసలో పిల్లల టోపీ ఒకటి, ఏడో వరసలో సగం నీళ్ళున్న సీసా ఒకటి దొరికాయి. బటన్ నొక్కాడు, వెనక్కి నడిచాడు, దిగాడు, తలుపు వేశాడు. టోపీ, సీసా డిపో కిటికీలో అప్పజెప్పి, మర్చిపోయిన వస్తువుల పుస్తకంలో సంతకం పెట్టాడు. పదకొండో నంబరు తాళం తీసుకున్నాడు.

మైదానంలో బస్సు నిండిపోయింది. అద్దంలో చూస్తే తన వెనక సీట్లో నెరిసిన తల కనబడింది. తలుపు వేసి బయల్దేరాడు. మొదటి హోటలు, రెండో హోటలు, మూడో హోటలు. దింపుకుంటూ ఎక్కించుకుంటూ పోయాడు. నీళ్ళ పార్కు దగ్గర బస్సు ఆగగానే వెనక సీటు మనిషి లేచిన చప్పుడైంది.

"ఇంకా కాదు," అన్నాడాయన.

"మేం ఇక్కడే దిగాలి కదా?" అంది ఒక గొంతు.

ఆయన తిరిగి చూశాడు. ఎవరో ముసలావిడ. మనవరాలి చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది. వెనక సీట్లో ఇంకెవరూ లేరు.

ఆయన రేడియో తీసుకున్నాడు.

"కంట్రోల్, ఏడో నంబరు తలుపు తీయించండి. వెంటనే."

"ఏడో నంబరు డిపోలో ఉంది. ఎందుకు?"

"మీ అమ్మ అందులో ఉంది."

పార్కులో తిరుగుతున్న పద్నాలుగు బస్సుల్లోనూ ఆ మాట వినబడింది. కూతురి గొంతు వచ్చింది. నంబరు చెప్పలేదు.

"నాన్నా, ఏమంటున్నావు?"

ఆయన ప్రయాణికులని అక్కడే దింపేసి ఖాళీ బస్సుతో డిపోకి వచ్చాడు. అప్పటికి బస్సులు కడిగే ఆవిడ ఏడో నంబరు తలుపు తీసి ఉంచింది. ఆయన్ని చూడగానే మెట్ల మీంచి పక్కకి జరిగింది. ఎంత లాగినా రావట్లేదు బాబాయ్, మా ఆయన చెప్పలేదు అంటోంది, అని చెప్పింది.

భార్య తన సీట్లోనే ఉంది. రెండు చేతులూ ముందున్న కడ్డీ మీద ఉన్నాయి. మొహం ఎర్రగా కంది ఉంది, పెదవులు ఎండిపోయాయి. ఎండలో మూసిన బస్సులో నలభై నిమిషాలు కూర్చుంది. ఆయన్ని చూసి తల ఎత్తింది.

"ఏమండీ, దిగాలా?"

"దిగు," అన్నాడు. అప్పుడు లేచింది. లేచి నిలబడి, ఆయన మీదికి ఒరిగిపోయింది.

పార్కు వైద్యం గదిలో సెలైన్ పెట్టారు. భయం లేదు, ఇంకో పావుగంటైతే చెప్పలేకపోయేవాళ్ళం అన్నాడు డాక్టరు. ఆమె నిద్రపోయింది. కూతురు మంచానికి అటువైపు నిలబడింది. మెడలో ఇంకా హెడ్‌ఫోన్ ఉంది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఎనిమిది నెలలు."

"పక్కింటి పిన్ని చూసుకుంటోందన్నావు."

"పిన్ని వెళ్ళిపోయింది."

"పోయిన నెల పిన్ని పంపిన కూర అని నాకు డబ్బాలో పెట్టిచ్చావు."

"నేనే వండాను."

కూతురు తల తిప్పుకుంది. డ్రైవర్లకి తెలుసా అని అడిగింది. తెలుసన్నాడు. బస్సులు కడిగే ఆవిడకి కూడానా అంటే తల ఊపాడు. కన్నకూతుర్ని, రోజంతా నీ బస్సుని తెర మీద చూస్తూ కూర్చునేదాన్ని, నాకొక్కదానికే తెలీదు అంది. ఎందుకు చెప్పలేదని అడిగింది.

"చెబితే ఆ కాగితం మీద సంతకం పెట్టమంటావు."

"పెట్టమంటాను. ఇవాళ ఏం జరిగిందో చూశావుగా."

కూతురు మంచం చుట్టూ తిరిగి వచ్చి ఆయన పక్క స్టూలు మీద కూర్చుంది. గొంతు తగ్గించింది.

"ఒంటిగంటా పన్నెండుకి నా తెర మీద ఏడో నంబరుకి పచ్చ దీపం వెలిగింది. బటన్ నొక్కావు. నేను మూడు సార్లు తొందరపెట్టాను. ఆ కంగారులో సీట్లు చూడకుండా నొక్కేసి ఉంటావు. అంతే కదా నాన్నా? రిపోర్టులో అలాగే రాస్తాను. నా పేరు కూడా రాస్తాను."

అవునంటే సరిపోయేది. హడావుడిలో చూడకుండా బటన్ నొక్కని డ్రైవరు ఆ పార్కులో ఉండడు. నాలుగు రోజులు జీతం కోస్తారు, ఒక హెచ్చరిక కాగితం ఇస్తారు. ఆయన భార్య చేతి వంక చూశాడు. నిద్రలో కూడా ఆ వేళ్ళు దుప్పటి అంచు కుట్టు మీద కదులుతున్నాయి.

"లేదమ్మా. చూశాను."

"ఏం చూశావు?"

"అన్నీ చూశాను. టోపీ చూశాను, సీసా చూశాను. మీ అమ్మ పక్కనించి రెండు సార్లు నడిచాను. తన సీట్లో తను ఉంది. బస్సులో ఉండాల్సినవి ఉన్నచోట ఉంటే మనకి కనబడవమ్మా. కడ్డీ కనబడుతుందా, కిటికీ కనబడుతుందా?" ఆయన ఆగాడు. "అడిగింది కూడా. నేను దిగుతుంటే, దిగాలా అంది. ఇంకా కాదు అన్నాను. అని తలుపేశాను. ఆ సీసా ఉన్నా తాగేది, అది కూడా నేనే పట్టుకుపోయాను."

కూతురు చేత్తో నోరు మూసుకుంది.

"వారానికోసారి వచ్చే నీకు మీ అమ్మ కనబడుతుంది. బరువు తగ్గిందంటావు, గోళ్ళు పెరిగాయంటావు. రోజంతా వెనకే కూర్చోబెట్టుకున్న నాకు కనబడటం మానేసింది. నా దగ్గర ఉంటే చాలనుకున్నాను గానీ, నేను చూడట్లేదని తెలుసుకోలేదు."

ఆయన యూనిఫాం చేతితో మొహం దాచుకున్నాడు. కూతురు ఆయన భుజం మీద తల ఆనించింది. నేను వారానికోసారి రావడమే కదా నాన్నా అసలు తప్పు, పగలు ఒక్కరోజు ఇంటికొచ్చినా తెలిసేది అంది. సెలవు పెట్టి ఇంట్లో ఉంటానంది. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"మనం వేరే పని చేసుకుంటూ మీ అమ్మని చూశాం. తనని చూడటమే పనిగా ఉన్నవాళ్ళు కావాలి. కాగితం బీరువాలో ఉంది, పై అరలో."

రిపోర్టు కూతురే రాసింది. ఆయన చెప్పినట్టే రాసింది, తన మూడు తొందరలూ రాసింది. ఆఫీసు ఆయన్ని బస్సు దింపి, మిగిలిన రోజులకి డిపో కిటికీలో మర్చిపోయిన వస్తువుల పుస్తకం దగ్గర కూర్చోబెట్టింది.

తొమ్మిది రోజుల తరవాత, ఒక పొద్దున, ముగ్గురూ కూతురి కారులో ఆశ్రమానికి వెళ్ళారు. కూతురు నడిపింది. భార్య అలవాటు ప్రకారం డ్రైవరు సీటు వెనక కిటికీ పక్కన కూర్చుంది. ఆయన ఆమె పక్కన కూర్చున్నాడు. ప్రతి సిగ్నల్ దగ్గరా ఆమె అడిగింది. ప్రతిసారీ ఆయన ఆమె వైపు తిరిగి, మొహం చూసి, ఇంకా కాదు అన్నాడు. ఆమె కుడి కనుబొమ్మ మీద చిన్న మచ్చ ఉంది. అదెప్పుడు వచ్చిందో ఆయనకి తెలీదు.

గేటు లోపల కారు ఆగింది.

"ఏమండీ, దిగాలా?"

కూతురు స్టీరింగ్ మీంచి చేతులు తియ్యలేదు. ఆయన భార్య వైపు తిరిగాడు.

"దిగాలి."

గదిలో రెండు మంచాలు, కిటికీ, కిటికీ ముందు ఒక కుర్చీ ఉన్నాయి. ఆమె తిన్నగా వెళ్ళి కుర్చీలో కూర్చుని, రెండు చేతులూ కిటికీ కడ్డీ మీద పెట్టింది. నర్సు ఏదో పలకరించింది. ఆమె నర్సు వంక చూడలేదు.

"మీరు కూర్చోరా?" అని ఆయన్ని అడిగింది.

"నాకింకా డ్యూటీ ఉంది. సాయంత్రం వస్తాను. రోజూ వస్తాను."

"సరే. మీరు చెప్పేదాకా లేవను."

ఆయన ఆమె ముందు కింద కూర్చున్నాడు, రోజూ చెప్పులు తొడిగేటప్పుడు కూర్చున్నట్టే.

"ఇక్కడ నేను చెప్పక్కర్లేదు. నీకెప్పుడు లేవాలనిపిస్తే అప్పుడు లే. ఆకలేస్తే అడుగు. ఎండ కొడితే పక్కకి జరుగు. నాకోసం కూర్చోకు."

ఆమె ఆయన మొహంలోకి చాలాసేపు చూసింది. అర్థమైందో లేదో ఆయనకి తెలియలేదు. తరవాత చెయ్యి చాచి, ఆయన చొక్కా భుజం తడిమింది.

"ఇదెవరు కుట్టారు?"

"నువ్వే," అన్నాడు. ఆ రోజు ఆయన యూనిఫాం వేసుకోలేదు. ఆమె పదేళ్ళ కిందట కుట్టిన చొక్కా వేసుకున్నాడు.

"బాగుంది," అంది ఆమె.

కూతురు కారు దగ్గర తలుపు తీసి నిలబడి ఉంది. ఆయన ఎక్కలేదు. వెనక సీటు మీద చెయ్యి వేసి ఈ చివరి నుంచి ఆ చివరికి నిమిరాడు. వంగి కింద చూశాడు. ముందు సీట్లు చూశాడు. మళ్ళీ వెనక సీటు చూశాడు.

"ఏమైనా మర్చిపోయామా నాన్నా?"

"లేదమ్మా," అన్నాడు. "చూస్తున్నాను."

కూతురు తొందరపెట్టలేదు. ఆయన చూడటం అయ్యేదాకా తలుపు పట్టుకుని నిలబడింది.