ప్రింటర్ మీద బొట్టు

"జనార్దనరావు గారంటే ఎవరండి?"

అది తొంభై ఎనిమిది వానాకాలం. తెనాలిలో మా ఓనరు గారి కంప్యూటర్ల షాపులో కౌంటరు వెనక నేనొక్కడినే ఉన్నాను. బయట వాన. లోపల ఆమె గొడుగులోంచి ఇంకో వాన.

"నేనేనండి."

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. "ఫోన్లో ఆ పేరు విని ఎవరో అరవై ఏళ్ల పెద్దాయన అనుకున్నాను. పాపం చూపు ఆనలేదేమో అని ఊరుకున్నాను. కళ్ళు బాగానే ఉన్నాయిగా మీకు?"

"బాగానే ఉన్నాయండి."

"మరి ఇదేంటి?" అని ప్లాస్టిక్ కవరు విప్పి, ప్రింటర్ హెడ్డు ఒకటి బల్ల మీద పెట్టింది.

అప్పుడు గుర్తొచ్చింది. బాపట్ల లాజరు మాస్టారి రెండో అమ్మాయి ప్రేమకుమారి. కిందటి దసరాకి మా దగ్గరే ఇంక్‌జెట్ ప్రింటర్ కొని, ఇంటి ముందు గదిలో డి.టి.పి. సెంటర్ పెట్టింది. కాగితం మీద ఇంకు చిమ్మే ముక్కనే హెడ్డు అంటారు. అది పూడుకుపోతే ప్రతి కాగితం మీదా అడ్డంగా తెల్ల గీత పడుతుంది. కొత్తది కావాలని ఆమె ఫోన్ చేసింది. పాత హెడ్డు మీది నంబరు ఇంకులో ఎప్పుడో కరిగిపోయిందంది. అయితే ప్రింటర్ మీదున్న నంబరు చదవమన్నాను. "రెండు వందల పది" అంది. ఆ నంబరుకి సరిపోయే హెడ్డే బస్సులో పంపించాను.

"ఇది మా ప్రింటర్లో కూర్చోదండి. గొళ్ళెం పడట్లేదు."

"నంబరు సరిగ్గానే ఉందండి. పెట్టడంలోనే ఏదో తేడా."

"అంటే నాకు చేతకాదంటారు."

"అనలేదండి."

"అనుకున్నారు."

అనుకున్న మాట నిజమే. ముక్కలో లోపముందేమోనని ఇంకొకటి ఇచ్చి పంపాను. అదీ రెండు వందల పదే. మూడో రోజు మళ్ళీ ఆమే, మళ్ళీ వానే. ఓనరు గారు తల పట్టుకున్నారు. నాకు మాత్రం, నిజం చెప్పొద్దూ, పెద్దగా బాధ కలగలేదు.

"నవ్వకండి," అంది ప్రేమకుమారి. "మా చర్చిలో ఆదివారం ఆరాధన కాగితాలు నేనే వేస్తాను. సెంటర్ నడిచేది వాటి మీదే. ఈ ఆదివారం మా అక్క పెళ్లి ప్రకటన. ఆరోజు కూడా గీత పడితే ఆ పని తీసేస్తారట. సెంటర్ మూసేసి టీచర్ ట్రైనింగుకి పొమ్మంటున్నారు నాన్న."

నా నవ్వు ఆగిపోయింది. "శనివారానికి విజయవాడ నుంచి కొత్త సరుకొస్తుందండి. నేనే తెచ్చి నా చేత్తో పెడతాను."

సరుకు శనివారం ఆఖరి బండి వెళ్ళిపోయాక వచ్చింది. ఆదివారం పొద్దున్నే పాసింజరెక్కి బాపట్లలో దిగేసరికి వాళ్ళింటికి తాళం. అందరూ చర్చికి వెళ్ళారని పక్కింటివాళ్ళు చెప్పారు. నేనూ వెళ్ళాను. చర్చిలో అడుగు పెట్టడం నాకదే మొదలు. చెప్పులు బయట విడిచి, ఖాళీగా కనబడిన చోట కూర్చున్నాను. అది ఆడవాళ్ళ వైపని కూర్చున్నాక తెలిసింది. అప్పటికి పాట మొదలైంది, లేవడానికి సిగ్గేసింది.

పక్కనున్న పెద్దావిడ నా చేతికో కాగితం ఇచ్చింది. ఆవిడే చర్చి కమిటీలో పెత్తనమంతా చేసే సామ్రాజ్యమ్మ గారు. "చూడు బాబూ, సరిగ్గా పెళ్లికూతురి పేరు మీదుగా పోయింది గీత. వచ్చే వారం నుంచి ఈ పని ఆ పిల్లకి ఇచ్చేది లేదు."

నాలుగు వరసల ముందు ప్రేమకుమారి తల దించుకుని కూర్చుంది. నన్ను తిడుతున్నప్పుడు ఎంత ఎత్తున ఉండేదో ఆ తల!

అప్పుడే పాస్టరు గారు చదివారు. "లాజరు గారి పెద్ద కుమార్తె అన్నమ్మకూ, ఈపురుపాలెం వాస్తవ్యులు ప్రకాశానికీ వివాహం నిశ్చయమైనది. ఇది మొదటి ప్రకటన. ఎవరికైనా అభ్యంతరం ఉన్నయెడల ఇప్పుడే తెలియజేయవలెను."

మూడు ఆదివారాలు అలా అడగడం వాళ్ళ ఆచారం. అడిగినప్పుడు ఎవరూ నోరెత్తకపోవడం అంతకంటే గట్టి ఆచారం. ఆ రెండో సంగతి నాకెవరూ చెప్పలేదు. పెద్దాయన అంత మర్యాదగా అడుగుతున్నారు, చెప్పాల్సిన మాట నా దగ్గరుంది. లేచాను.

"ఉందండి."

బెంచీలన్నీ ఒక్కసారి కిర్రుమన్నాయి. పెళ్లికూతురు అన్నమ్మ వెనక్కి తిరిగి చూసింది. ఆమెను నేను చూడటం అదే మొదటిసారి. పెళ్లికొడుకు తాలూకు మనిషి కాబోలు, ఒకాయన చొక్కా చేతులు మడుస్తున్నాడు.

"తప్పంతా నాదేనండి," అన్నాను గబగబా. "ఆ అమ్మాయికి ఏ పాపమూ తెలీదు."

సామ్రాజ్యమ్మ గారు నా పక్కనుంచి ఇంత దూరం జరిగారు.

"ఏ అమ్మాయికి?" అంటూ లాజరు మాస్టారు లేచారు. ముప్పై ఏళ్లు హెడ్మాస్టరుగా చేసిన గొంతది.

"మీ రెండో అమ్మాయికండి. అభ్యంతరం పెళ్లి మీద కాదండి, ఈ గీత మీద. హెడ్డు తప్పు ఇచ్చింది మేము. ఆమె దగ్గర్నుంచి ఈ పని తీసెయ్యకండి." జేబులోంచి కొత్త హెడ్డు తీసి అందరికీ కనబడేలా పైకెత్తాను.

పాస్టరు గారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. "అయితే పెళ్లికి అభ్యంతరం లేనట్టేనా బాబూ?"

"లేదండి. మంచి సంబంధమండి."

ఆరాధన అయ్యాక సంఘంలో సగం మంది నా వెనకే మాస్టారింటికి వచ్చారు. చోటు చాలనివాళ్ళు కిటికీల్లోంచి చూస్తున్నారు. నా చేత్తో నేనే హెడ్డు పెట్టాను.

గొళ్ళెం పడలేదు.

"చేతకాదంటారా?" అంది ప్రేమకుమారి మెల్లగా.

నాకు చెమటలు పట్టాయి. ప్రింటర్ ముందువైపు చూశాను. 210 అన్న అంకె. దాని పక్కనే రూపాయి బిళ్ళంత కుంకుమబొట్టు, గంధంతో కలిసి ఎండి గట్టిపడిపోయింది.

"ఈ బొట్టేంటండి?"

"మీ షాపు నుంచి అలాగే వచ్చింది."

పెట్టింది నేనే. దసరా పూజనాడు షాపులో ఉన్న ప్రతి మెషీనుకీ వరసగా పెట్టుకుంటూ పోయాను.

"మరి ఇన్నాళ్ళూ తుడవలేదేంటండి?"

"నేనే వద్దన్నాను," అన్నారు లాజరు మాస్టారు. "ఎవరో దేవుణ్ణి తలుచుకుని పెట్టింది. మనం చెరిపితే మర్యాద కాదు."

ప్రేమకుమారి తన రుమాలు తడిపి ఇచ్చింది. మాస్టారిని అడిగి మరీ తుడిచాను. 210 పక్కన 'ఎస్' బయటపడింది. ఎస్ రకానికి హెడ్డే వేరు.

కిటికీ బయట ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. సామ్రాజ్యమ్మ గారు కూడా నవ్వి, "సరే, వచ్చే ఆదివారం దాకా చూస్తాం," అన్నారు.

ఎస్ రకం హెడ్డు ఒకటి రేపల్లెలో వెంకట్రామయ్య గారనే డీలరు దగ్గరుందని ఫోన్లో తేలింది. ఈసారి పెట్టి చూశాకే తెచ్చుకుంటానని ప్రేమకుమారి పట్టుబట్టింది. సామ్రాజ్యమ్మ గారిని తోడిచ్చి పంపారు మాస్టారు. మర్నాడు ప్రింటర్‌తో కలిపి నలుగురం బయల్దేరాం. తెనాలిలో బండి మారాం. రేపల్లె బండిలో కిటికీ పక్క సీటు ప్రింటర్‌కి దొరికింది. నేను నిలబడ్డాను.

వెంకట్రామయ్య గారి కొట్లో హెడ్డు పెట్టగానే గొళ్ళెం టక్కున పడింది. ఆ చప్పుడుకి ప్రేమకుమారి నా చెయ్యి పట్టుకుంది. వెంటనే వదిలేసి, ప్రింటర్ వైరు కోసం వెతుకుతున్నట్టు నటించింది.

తిరుగుబండి ఆలస్యం. స్టేషన్లో వాన. సామ్రాజ్యమ్మ గారు ఉన్న ఒక్క గొడుగూ ప్రింటర్‌కి పట్టి కూర్చున్నారు. మేమిద్దరం తడిశాం.

"ఇక మీకు తెనాలి రావాల్సిన పని లేదు," అన్నాను.

"లేదు."

"అదే నాకు బాగాలేదండి. తిట్టడానికైనా వస్తుండండి. మీరంటే నాకు చాలా ఇష్టం."

ఆమె పట్టాల వైపు చూసింది. రేపల్లె దాటి ఇక పట్టాలు లేవు. తడిసిన జడ పిండుకుంటూ అంది: "అక్కకి ఇంకా రెండు ప్రకటనలున్నాయి. రండి. మగవాళ్ళ వైపు కూర్చోండి. లేవకండి."

రెండు ఆదివారాలూ వెళ్ళాను. లేవలేదు. కాగితాల మీద గీత లేదు, ఆ పని ఆమెకే ఉండిపోయింది. పాస్టరు గారు మాత్రం అభ్యంతరాలు అడిగే ముందు నా వంక ఒకసారి చూసేవారు.

ఆ తర్వాత మా పెళ్లికి రెండిళ్ళూ ఒప్పుకోవడానికి ఏడాది పైనే పట్టింది. మా అమ్మ కాంతమ్మ మూడు నెలలు నాతో మాట్లాడకుండా అన్నం పెట్టింది. గుళ్ళోనా చర్చిలోనా అన్నది తేలక, రిజిస్ట్రారు ఆఫీసులో చేసుకుంటామన్నాం. చూస్తే అక్కడా అదే ఆచారం! నోటీసు గోడకి అంటించి, నెల రోజులు అభ్యంతరాలు అడుగుతారు. ఆ నోటీసు ప్రేమకుమారే తన ప్రింటర్ మీద వేసింది.

అంటించే రోజు మాస్టారు వచ్చారు. అమ్మ వస్తుందని నేననుకోలేదు. వచ్చింది. నేరుగా వెళ్ళి నోటీసు ముందు నిలబడింది. అమ్మకి చదువు రాదు.

"పిల్ల పేరెక్కడుందిరా?"

చూపించాను. బొడ్లో దోపుకున్న చిన్న భరిణె తీసి, ఆ పేరు మీద సరిగ్గా ఇంత బొట్టు పెట్టింది. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"అమ్మా, అది గవర్నమెంటు కాగితం!" అంటూ గుమాస్తా గుడ్డ పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

లాజరు మాస్టారు చెయ్యి అడ్డం పెట్టారు. "ఉండనివ్వండి. ఆవిడ దేవుణ్ణి తలుచుకుని పెట్టింది."

"బాగానే ఉందండి! మరి దాని కింద ఏముందో రేపెవరికి తెలుస్తుంది?"

ప్రేమకుమారి చేతిసంచిలోంచి చిన్న నోటుబుక్కు తీసింది.

"ఈసారి ముందే రాసి పెట్టుకున్నానండి."