చివరి పిల్లకు ముందు పాలు

ఆమె బల్ల మీద తువ్వాలు పెట్టగానే ఇస్త్రీ కొట్టతను అలవాటుకొద్దీ పెట్టె ఎత్తాడు.

"ఆగండి. అందులో ప్రాణముంది," అంది.

మడత విప్పితే బొటనవేలంత కుందేలు పిల్ల. ఒంటి మీద బొచ్చు లేదు, కళ్ళు తెరవలేదు. ఆ ఈతలో పుట్టినవాటిలో అన్నిటికంటే చిన్నది. పాల దగ్గర తోడబుట్టినవి తొక్కేస్తుంటే పొట్ట వీపుకంటుకుపోయింది.

ఆమె కుందేళ్ళ పెద్దాయన కూతురు. పోటీలకు కుందేళ్ళు పెంచే ఆయన ఇంట్లో ఒకటే చట్టం: బలిసినదానికే మేత. బక్కదాన్ని తీసి పక్కన పెట్టమంటాడు, తక్కినది ప్రకృతి చూసుకుంటుందట. తనకు పన్ను నొప్పి వస్తే మాత్రం ప్రకృతికి వదలడు, డాక్టరు దగ్గరికి పరిగెడతాడు. అన్నం దగ్గరా అదే వరస. ముందు ఆయనా, ఏనుగుల్లాంటి ముగ్గురు కొడుకులూ. గిన్నె అడుగున మిగిలింది తల్లీకూతుళ్ళకు.

వీధి మొత్తానికి వెచ్చగా ఉండే చోటు ఇదొక్కటే కాబట్టి వచ్చానంది. నిజమే కాబోలు. మడత నలగని దుప్పట్లు కూడా రోజూ ఇస్త్రీకి తెచ్చే పిల్ల మాట కాదనడానికి మనమెవరం?

తల్లి కుందేలు రోజుకోసారి, తెల్లవారుజామున పాలిచ్చి పోతుంది. పిల్లల దగ్గర కూర్చోదు. "ఏం తల్లమ్మా అది" అని పక్కింటి అమ్మలక్కలు ముక్కున వేలేసుకునేవాళ్ళు, తమ పిల్లల్ని టీవీ ముందు వదిలేసి వచ్చి మరీ.

తెల్లవారుజామున పెద్దాయన ఒళ్ళు తగ్గించుకోవడానికి నడకకు వెళ్ళే వేళకు వీళ్ళిద్దరూ బోను దగ్గర చేరేవారు. అతను తల్లిని ఒళ్ళో పట్టుకునేవాడు. ఆమె తక్కినవాటిని గడ్డిలోనే ఉంచి బక్కదాన్ని మాత్రం ముందు పాలకు పెట్టేది. మసకలో గుర్తుకోసం దాని చెవి లోపల ఎర్రటి గోళ్ళరంగు చుక్క పెట్టింది.

"కదలకండి."

"నేను కదల్లేదు. చెయ్యి వణుకుతోంది."

"కుందేలంటే భయమా?"

"మీ నాన్నగారంటే."

"మరెందుకొస్తున్నారు?"

"పాలు తాగుతుందో లేదో చూద్దామని."

"అది ఇటుంది. మీరు చూసేది అటు."

వీధికి కళ్ళుంటాయి కదా, సంగతి పెద్దాయన చెవిన పడింది. ఆయన పడీపడీ నవ్వాడట. గొడుగు పట్టుకుంటే గొడుగే వాణ్ణి పట్టుకున్నట్టుంటుంది, అలాంటి బక్కవాడికి పిల్లనిచ్చి దాని బతుకు కూడా పక్కన పెట్టమంటావా అన్నాడట భార్యతో. కూతురు ఆ పూట అన్నం ముట్టలేదు. అన్నలు గమనించలేదు. ఆమె వాటా ఎవరో తినేశారు.

కుందేలు పిల్లకు కళ్ళు తెరుచుకున్నాయి, బొచ్చొచ్చింది, పొట్ట గుండ్రమైంది. పెద్దాయనకు పిల్లల్ని లెక్కపెట్టే అలవాటు లేదు, బాగా బలిసినదేదో వెతుక్కోవడమే. ఒక మధ్యాహ్నం చుట్టాలు భోజనానికొచ్చారు. వాళ్ళ ముందు ఆయన ఒకదాన్ని పైకెత్తాడు. "చూశారా, జాతి అంటే ఇదీ," అన్నాడు. పోటీకి వేసుకెళ్ళే కోటు ఇవ్వడానికి వచ్చిన ఇస్త్రీ కొట్టతను గుమ్మంలోనే నిలబడిపోయాడు.

కూతురు వెళ్ళి దాని చెవి తిప్పింది. ఎర్ర చుక్క.

"మీరు పక్కన పెట్టమన్నది ఇదే, నాన్నా. రోజూ దీనికి ముందు పాలు పట్టాం. అంతే."

"పట్టాం అంటే ఎవరెవరు?"

ఆమె గుమ్మం వైపు చూసింది. గుమ్మంలో కోటు వణికింది.

చుట్టాలు నోళ్ళు వెళ్ళబెట్టి చూస్తున్నారు. పొగిడిన నోటితో వెంటనే తిట్టడానికి పెద్దాయనకు కూడా సిగ్గుండాలి కదా. పిల్లను దించి, అతన్ని పైనుంచి కిందికి చాలాసేపు చూశాడు. తర్వాత వంటింటి వైపు తిరిగాడు.

"ఏమే, ముందు ఇతనికి పెట్టు. మన కొడుకులు కూర్చున్నారంటే గిన్నె కూడా మిగలదు."

అన్నలు ముగ్గురూ కంచాలతో నిలబడ్డారు. ఎందుకు నిలబడ్డారో వాళ్ళకు అర్థం కాలేదు. కంచం ముందు కూర్చున్న అతను వాళ్ళను చూసి లేవబోయాడు. వడ్డిస్తున్న కూతురు మెల్లగా అంది:

"కదలకండి."