ఆరో లైన్లో వెంకటరత్నమ్మ

బందరులోని ఆ గుండె జబ్బుల ఆసుపత్రిలో టోకెన్లు ఫోన్లోనే ఇస్తారు. రోజుకు నలభై. ఏడున్నరకు మొదలుపెడితే తొమ్మిదిలోపే అయిపోతాయి. ఆ గంటన్నరలో ఇటు గుడివాడ నుంచి అటు దివిసీమ దాకా గుండె ఉన్న ప్రతివాళ్ళూ ఫోన్ చేస్తున్నట్టే ఉంటుంది రూతుకి. ఫోను పెట్టెకి ఆరు లైన్లు, లైనుకో ఎర్ర దీపం, ఎత్తడానికి రూతు ఒక్కతే. పదకొండేళ్ళుగా అదే కుర్చీ. నిద్రలో తట్టి లేపినా "నమస్కారమండీ, చెప్పండి" అంటుందని కూతురు నిస్సీ ఏడిపిస్తూ ఉంటుంది.

అన్నీ ఒక్కసారే మోగితే ఆమె దగ్గర ఒకటే మందు. ఒక్కొక్కటే ఎత్తి, అవతలివాళ్ళు నోరు తెరిచేలోపే "లైన్లో ఉండండమ్మా" అని హోల్డులో పెట్టేయడం. వాళ్ళకి ఫ్లూటు పాట వినిపిస్తూ ఉంటుంది. వరసలో మళ్ళీ వాళ్ళ దగ్గరికి వస్తుంది. ఒక్కోసారి రాదు. విసుగొచ్చి వాళ్ళే పెట్టేస్తారులే అనుకుంటుంది. చాలామంది పెట్టేస్తారు కూడా.

వెంకటరత్నమ్మ పెట్టెయ్యలేదు.

మూడు వారాల కిందట ఆవిడ భర్త భుజంగరావు ఘంటసాల నుంచి బస్సెక్కి వచ్చాడు. కౌంటరు ముందు నిలబడి కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"తప్పు పట్టడానికి రాలేదమ్మా. నేను పొలం నుంచి వచ్చేసరికి మంచం మీద ఒరిగిపోయి ఉంది. ఫోను చెవి దగ్గరే ఉంది. మీ పాట వస్తానే ఉంది. లైన్లో ఉండమన్నారు గదా, ఉంది. టోకెను ఏవన్నా రాసుంటే వేరేవాళ్ళకి ఇచ్చెయ్యండి."

నాలుగు తిట్టినా బాగుండేది. రూతుకి ఆ రోజు అన్నం సయించలేదు.

ఆ మర్నాటి నుంచే, ఆవిణ్ణి హోల్డులో పెట్టిన ఆరో దీపం ఎవరూ ఫోన్ చేయకుండానే వెలగడం మొదలుపెట్టింది. ఎత్తితే ఫ్లూటు పాట. ఫోన్లు బాగుచేసే స్టీఫెన్ వచ్చి, పెట్టె విప్పి చూసి, తల గోక్కుని, చివరికి ఆరో లైను వైరే పీకేశాడు. ఆ తర్వాత దీపం మళ్ళీ వెలగలేదు.

ఈ సోమవారం పొద్దున ముసురు. చిలకలపూడిలోని అద్దె ఇంట్లోంచి రూతు బయల్దేరుతుంటే తల్లి రత్నం మంచం మీద కూర్చుని ఎడమ భుజం రుద్దుకుంటోంది. "ఇవాళన్నా నాకో టోకెను రాయవే," అంది. శనివారం నుంచి ఇదే మాట.

"రాస్తాలే అమ్మా. ఎక్కువైతే ఆఫీసుకి ఫోన్ చెయ్యి," అని రూతు పరుగు తీసింది. డ్యూటీలో సెల్లు లాకర్లో పెట్టేయాలి. నిస్సీ కాలేజీకి వెళ్ళిపోతే ఇంట్లో రత్నం ఒక్కతే. ఆమెకి కంఠతా వచ్చిన నంబరు ఆసుపత్రిది ఒక్కటే.

కానీ వచ్చీ రాగానే సొంత తల్లి పేరు రాస్తే మాటొస్తుందని రూతుకి భయం. టోకెన్ల పుస్తకంలో ఆఖరి గడి ఆమెకి ఉంచితే సరిపోతుందనుకుంది. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. ఇక్కడ అమ్మ అడిగినా కూతురు పెట్టలేదు.

ఎనిమిదిన్నరకు కరెంటు పోయింది. ఇన్వర్టరు మీద ఫోన్లు మాత్రం బతికాయి. హాలంతా మసక. తడిసిన గొడుగుల వాసన, ఫినాయిలు వాసన. ఐదు దీపాలూ ఒక్కసారే వెలిగాయి. "లైన్లో ఉండండమ్మా... లైన్లో ఉండండమ్మా..." మూడో లైన్లో ఎవరో "అమ్మాయ్" అన్నారు. వినే ఓపిక లేదు. దానికీ అదే మాట చెప్పి మీట నొక్కేసింది. మిగతావి ఒక్కొక్కటే తీసి, ముప్పై తొమ్మిదో పేరు దాకా రాసింది.

అప్పుడు మోత ఆగిపోయింది.

ఆ వేళప్పుడు అలా ఎన్నడూ ఆగలేదు. దీపాలన్నీ ఆరిపోయాయి, హోల్డులో ఉన్న మూడోది తప్ప. పక్కన ఫైళ్ళు సర్దుతున్న రమ్య తలెత్తింది.

ఆరో దీపం వెలిగింది.

"అక్కా... దానికి వైరు లేదు కదా..." అంది రమ్య.

రూతు చెయ్యి అలవాటు కొద్దీ రిసీవరు ఎత్తేసింది. పాట లేదు. తలకి రాసుకునే ఆముదం వాసన ముక్కుకు తగిలింది. తర్వాత ఒక ఊపిరి.

"ఉన్నానమ్మా... లైన్లోనే ఉన్నాను..."

రూతుకి భయం కంటే ముందు సిగ్గేసింది. టోకెన్ల పుస్తకంలో మిగిలింది ఒకటే గడి. అమ్మ కోసం ఉంచింది. అందులో వెంకటరత్నమ్మ అని రాసింది.

"రాశానండీ... మీది నలభై. ఇంక... ఇంక పెట్టెయ్యండి..."

"నాకెందుకమ్మా ఇప్పుడు?" గొంతులో కోపం లేదు. "ఇక్కడ నా పక్కకి ఇంకొకావిడ వచ్చింది. ఇప్పుడే. ఆయాసపడుతోంది పాపం... ఎడమ భుజం రుద్దుకుంటోంది. ఆవిడకి రాయి."

"ఎ... ఎవరండీ?"

"నువ్వే ఉండమన్నావంట కదమ్మా."

ఆరో దీపం ఆరింది. మూడోది ఇంకా వెలుగుతూనే ఉంది. "అమ్మాయ్" అన్న ఆ పిలుపు ఎవరిదో అప్పుడు రూతుకి తట్టింది. మీట నొక్కింది.

"అమ్మా?"

వాన చప్పుడు. గోడ గడియారం టిక్కుమనడం. అది వాళ్ళింట్లో గడియారమే.

"అమ్మా! పలకవే... అమ్మా..."

రమ్య లాకరు దగ్గరికి పరుగెత్తి తన సెల్లు తీసింది. రూతు ఏడుస్తూ చెప్పిన పక్కింటి నంబరు నొక్కింది. ఒక్క క్షణం విని, ఫోను రూతు చెవికి ఆనించింది.

రింగు లేదు. ఫ్లూటు పాట వస్తోంది. పాట మధ్యలో అలసిపోయిన ఆడగొంతు ఒకటి, అచ్చం రూతు గొంతే, "లైన్లో ఉండండమ్మా" అంది.